డ్రయ్యర్ కింది సాక్షి

యుదెల్కా చేతిసంచి అస్తరులో మనిషి ఎక్కడుందో ఫోనులో చూపించే గుండీ అంత ట్రాకర్ కుట్టి ఉంది.

పిన్నుల కోసం సంచి తడుముతున్న నూరిస్ చేతికి అది తగిలింది. కత్తెర మొనతో అస్తరు విప్పి, దాన్ని అద్దం ముందు పడేసింది. మోకా పట్నంలో ఇరవై ఏళ్లుగా ఆడవాళ్ల జుట్టుకు రోలర్లు చుడుతోంది ఆవిడ. రకరకాల మొగుళ్ల గురించి విన్నది గానీ, సూది పట్టిన మొగుడి గురించి వినడం ఇదే.

"కుట్టు మాత్రం కుదురుగా వేశాడు, సన్నాసి!"

తల నిండా తడి రోలర్లతో యుదెల్కా ఆ బిళ్లను తిరగేసి చూసింది. "అందుకేనా అక్కా, నేను మందుల షాపు దగ్గర ఆగినా ఆయనకి తెలిసిపోయేది! నాకే అనుమానం జబ్బని డాక్టరుకి కూడా చూపించాడు."

పోయిన నెల ఆమె ఫిర్యాదుకు వెళితే, కొట్టలేదు కదా అని పోలీసులు తిప్పి పంపారు. ఊరందరి కళ్లకీ రదామేస్ బంగారంలాంటి మొగుడు మరి. పెళ్లాం బట్టలు తనే ఎంచుతాడు, ఫోను తనే చూస్తాడు, సెలూన్ దగ్గర తనే దించుతాడు. రోలర్లు ఆరడానికి రెండు గంటలని కూడా కంఠతా పట్టాడు ఆ మహానుభావుడు.

పక్క డ్రయ్యర్ కింద నుంచి ఫియోర్ తల బయటపెట్టింది. ప్రాసిక్యూటర్ ఆఫీసులో కొత్తగా చేరిన అధికారి, ప్రతి శుక్రవారం ఇక్కడికే వస్తుంది. "ఆ బిళ్ల నాది కాదని వాడంటే ఏం చేస్తాం? వాడి నోటితోనే రావాలి. వస్తే, ఈమె దగ్గరికి రాకూడదని ఇవాళే ఉత్తర్వు తెప్పిస్తా."

"రప్పిద్దాం," అంది నూరిస్. "అమ్మాయ్, సంచి ఇక్కడే వదిలెయ్. వెనకనుంచి మా చెల్లెలింటికి నడు."

రోలర్లతో వీధిన పోయే ఆడదాన్ని మోకాలో ఎవరూ తలతిప్పి చూడరు.

మూడు గంటలు గడిచాయి. సంచిలో ఫోను మోగి మోగి ఆగింది. ఇస్త్రీ చొక్కాతో, సెంటు ఘాటుతో రదామేస్ తోసుకొచ్చాడు.

"నా పెళ్లాం ఏది?"

"ఎప్పుడో వెళ్లింది నాయనా."

"అబద్ధం! ఇక్కడే ఉన్నట్టు చూపిస్తోంది!"

నాలుక కరుచుకుని ఫియోర్ వైపు చూశాడు. డ్రయ్యర్ కింద ఆడదానికి పిడుగు పడినా వినపడదని ఆ ఊరి మగాళ్ల నమ్మకం. రొద పెడుతున్నది పక్కనున్న ఖాళీ డ్రయ్యరని, ఆమెది ప్లగ్గు పీకి ఉందని వాడికేం తెలుసు!

నూరిస్ పకపకా నవ్వింది. "సంచిలో బిళ్ల కుట్టింది నువ్వని యుదెల్కా అంటే నేనే కొట్టిపారేశాను. వాడికంత తెలివా? పెళ్లాం మాట జవదాటలేని పిరికి సన్నాసి, అన్నాను."

రదామేస్ మొహం కందగడ్డ అయింది.

"నేనా పిరికివాణ్ని? నేనే కుట్టాను! అదొక్కటేనా? దాని టీచరు ఉద్యోగం ఎలా ఊడిందనుకున్నావ్? దానికి మతి సరిగా లేదని బడికి ఫోన్ చేసింది నేను. నీతో మాట్లాడనంటోందని వాళ్లమ్మకి చెప్పింది నేను. గుర్తింపు కార్డు దాచేసి, నువ్వే పారేసుకున్నావని ఏడిపించింది నేను. ఒక్క దెబ్బ వేశానా? చెయ్యెత్తకుండా ఆడదాన్ని ఇంట్లో ఎలా కూర్చోబెట్టాలో ఈ ఊళ్లో నాకంటే ఎవడికి తెలుసు?"