మెర్విల్ దొరసాని బొమ్మలో చేతులు

పారిస్‌లో చిత్రకారుడు వోక్లేర్ గారి దగ్గర ఇరవై ఆరేళ్లు రంగులు నూరాను. ఆయన పీపాలు చేసేవాడి కొడుకు. పేదవాళ్లు తొడిగే చెక్క బూట్లతో పారిస్ వచ్చారట. నేను చేరేసరికి ఆయన గుమ్మం ముందు దొరసానుల బగ్గీలు బారులు తీరేవి. ఆయన బొమ్మల్లో ఏ దొరసానికీ ముప్ఫై ఏళ్లు దాటేవి కావు.

దొరసానులు ముఖం వేయించుకోవడానికి మాత్రమే కూర్చుంటారు. గౌనును చెక్కబొమ్మకు తొడిగి వేస్తారు. చేతులకు వేరే మనిషి కావాలి. ఆ మనిషి నా భార్య ఒడిల్. కుట్టుపని చేసేది. ఈ ఊళ్లో గొప్ప ఇళ్ల గోడల మీద ఉన్నవి చాలావరకు దాని చేతులే.

"పొద్దున రాణివి, ఇప్పుడు ఉల్లిపాయలు తరుగుతున్నావు" అనేవాణ్ణి.

"రాణులకి నీలాంటి మొగుడు దొరకడులే" అనేది.

ఒక చలికాలం దానికి ఛాతీ జబ్బు చేసింది. దగ్గుతూనే మెర్విల్ దొరసాని బొమ్మకు రెండు రోజులు కూర్చుంది. ఫిబ్రవరిలో పోయింది.

ఒడిల్ ఎడమ చూపుడువేలి కొసన సూది పోట్ల మచ్చలు ఉండేవి. ఇన్నేళ్లూ వాటిని వదిలేసిన అయ్యగారు ఈసారి వేశారు. ఎందుకని నేను అడగలేదు.

బొమ్మను ప్రదర్శనకు పంపే ముందు దొరసాని చూడటానికి వచ్చింది.

"ముఖం బాగుంది వోక్లేర్ గారూ. మా ఆయన గుర్తుపట్టడేమో, అంత బాగుంది. ఈ వేలేంటి మరి? నేనేమైనా బట్టలు కుట్టేదాన్నా?"

"సరిచేస్తాను దొరసానీ" అన్నారు అయ్యగారు. ఆ మాట ఆయనకు అలవాటు. కుంచె తీశారు కానీ చెయ్యి కదల్లేదు. నా వైపు చూశారు.

దొరసానులు ఉన్నప్పుడు నేను నోరు తెరిచి ఎరగను.

"అవి మా ఆవిడ చేతులమ్మా. చనిపోయి నెలైంది. మిగతా బొమ్మల్లో మచ్చలు లేవు. అచ్చం దాని చేతుల్లా ఉన్నవి ఇవే."

"ఎవరితను?"

"రంగులు నూరే తిబో అండీ" అన్నారు అయ్యగారు.

"ఓహో, నోరుందన్నమాట."

ఆమె చేతి తొడుగు లాగింది. వేళ్ల కణుపులు వాచి వంకర తిరిగి ఉన్నాయి.

"నావి ఇవిగో. చూశావుగా, బయట అనకు. వోక్లేర్ గారూ, ఆ మచ్చలు అలాగే ఉంచండి. కానీ ఉత్త వేళ్లతో మా ఇంటి గోడెక్కితే మా అత్తగారు సమాధిలోంచి లేచొస్తుంది. ఆవిడ పచ్చల ఉంగరం పెట్టండి."

సబ్బునీళ్లు తెమ్మని, మెలితిప్పి ఉంగరం ఊడదీసి బల్ల మీద పెట్టింది.

ఆమె వెళ్లాక అయ్యగారు అడిగారు: "ఏ వేలికి పెట్టమంటావయ్యా?"

"మచ్చలున్న వేలి పక్కదానికండీ. సూదికి అడ్డం రాదు."

ఆయన తల ఊపారు. నేను పచ్చరంగు పొడిని నూరే రాతి మీద పోసి, నూనె చుక్క చుక్కగా కలుపుతూ నూరాను.

"చాల్లేవయ్యా, వెయ్యాల్సింది ఒక్క ఉంగరం" అన్నారు కాసేపటికి.

"అలాగేనండీ" అన్నాను. నూరడం ఆపలేదు.