నా కడుపుకు పెట్టిన సబ్బు

నేను ఒక బుల్డోజర్ని. ఒంటి మీది పసుపు రంగు నాది కాదు, అమ్మకానికి పూసింది. నా వయసంతా ఒక డ్యాము కట్ట మీద అరిగిపోయింది. కొండల్ని తోసినన్నాళ్లూ నాకు పూలదండలు వేశారు. దగ్గు మొదలయ్యాక బెజవాడ ఆటోనగర్‌లో వీర్రాజు షెడ్డుకు తోలేశారు.

నా డీజిల్ ట్యాంకు అడుగున చిల్లు ఉందని వీర్రాజు మొదటిరోజే కనిపెట్టాడు. అతుకు వెయ్యాలంటే ట్యాంకు దించాలి. అంత శ్రమ ఎవడికి కావాలి? బట్టల సబ్బు నలిపి చిల్లులో కూరాడు, పైన మట్టి మెత్తి, మట్టి మీద రంగు కొట్టాడు. మిగిలిన ముక్కతో చేతులు కడుక్కున్నాడు.

నన్ను కొనడానికి వచ్చినవాడు మాలకొండయ్య. కందుకూరు అవతల అతనికి తాతలనాటి మెట్ట ఉంది. సర్కారు తుమ్మ జాతి చిల్లచెట్లు కమ్మేసి, మేక కూడా దూరలేని ముళ్ల అడవి అయిపోయింది. దాన్ని చదును చేసి బత్తాయి పెట్టాలని అతని ఆశ. అతను చాలా తెలివైనవాడు. ఆ సంగతి అతనే అందరికీ చెబుతాడు. నా చైన్లను కాలితో తన్నాడు. ఇంజను ఆయిలు వేలికి రాసుకుని వాసన చూశాడు.

"నన్ను మోసం చేసేవోడు ఇంకా పుట్టలేదబ్బాయ్."

"మీలాంటోళ్లకి అమ్మాలంటే మాకే భయమండీ," అన్నాడు వీర్రాజు.

కడుపు కింద వంగి చూస్తే తెల్లపంచె మాస్తుంది. చూడలేదు. చైన్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, గుమ్మడికాయ పగలగొట్టి, నన్ను లారీ ఎక్కించాడు.

డ్రైవరంటే డీజిల్ దొంగ అని అతని నమ్మకం. అందుకే ట్రాక్టరు తోలిన చేతులతో నన్నూ తనే తోలాడు.

ఆ ముళ్ల నడుమ ఒక గుడిసె ఉంది. అందులో యానాది చెంచయ్య, అతని పెళ్లాం అంకమ్మ. చిల్లమొద్దులు కొట్టి, కుప్పగా పేర్చి, పైన మట్టి కప్పి, లోపల నిప్పు రాజేసి బొగ్గు చేసుకుంటారు. చేసుకోమని చెప్పింది మాలకొండయ్య తండ్రే. ఆయన పోయాడు. ఆయన మాటా ఆయనతోనే పోయింది. నేను వెళ్లేనాటికి బట్టీ లోలోపల కాలుతోంది. వాళ్లు ఎండాకాలమంతా కొట్టిన కట్టె మొత్తం అందులోనే ఉంది.

"ఈ ఒక్క బట్టీ చల్లారనీ సామీ. బొగ్గు తీసుకోని మా దోవన మేం పోతాం," చేతులు కట్టుకుని అన్నాడు చెంచయ్య.

"సరేలేరా," అన్నాడు మాలకొండయ్య. అప్పటికి అతను మంచివాడే.

పని మొదలైంది. చెట్లను వేళ్లతో సహా పెకలించాను. ఆ కుదుపులకు సబ్బు సందిచ్చింది. సాయంత్రం నింపిన డీజిల్ రాత్రంతా బొట్టుబొట్టుగా జారేది. నేను తవ్విన వదులు నేల దాన్ని గుటకలేసేది. పొద్దున్నే ట్యాంకు చూసుకున్న మాలకొండయ్య ఒకసారి గుడిసె వైపు చూశాడు. డీజిల్ లేదు, యానాదోడు ఉన్నాడు. ఇంకేం రుజువు కావాలి?

చెంచయ్యను నా బ్లేడుకే కట్టేశాడు. నా పాత ఫ్యాను బెల్టుతో కొట్టాడు. ఎన్నో రాళ్లు తగిలినా వణకని ఆ బ్లేడు, అతని వెన్ను తగిలి వణికింది.

"ఎవరికమ్మావురా?"

"అమ్మోరి తోడు సామీ, నేను ముట్టలేదు!"

అంకమ్మ నా కింద పాకింది. తడి మట్టి పిడికిట్లోకి తీసుకుని, వాసన చూసి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యా, దొంగ మీ బండే! కడుపు కింద కారతా ఉండాది, వచ్చి జూడు!"

ఒక్కసారి వంగితే సరిపోయేది. కానీ బుల్డోజరు కొన్న తెలివైనవాడు, బొగ్గులమ్మే దాని మాటకు వంగుతాడా?

"నోర్మూయ్! నా బండికే వంక పెడతావా? ఇంకొక్క మాట బయటికొచ్చిందంటే నీ మొగుడి చెయ్యి చైను కింద పెడతా!"

అంకమ్మ నోరు మూసుకుంది.

అతను చెంచయ్య కట్లు విప్పి పక్కకు నెట్టాడు. ట్యాంకు నిండా డీజిల్ పోసి సీటెక్కాడు. "బట్టీ చల్లారాలంటివి గదరా? ఇప్పుడే చల్లారుస్తా చూడు."

నన్ను బట్టీ మీదికి తోలాడు. కప్పు చీలిస్తే ఏమవుతుందో అంకమ్మకు తెలుసు. మాలకొండయ్య వెనక్కి తిరిగి, ఆమె ఏడుపు కోసం చూశాడు. "ఏమే, మాటరాదా?"

ఆమె మొగుడి చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వెనక్కి లాగింది.

బ్లేడు మట్టిని చీల్చింది. లోపలికి గాలి దూరింది. ఇన్నాళ్లూ గుట్టుగా కాలిన నిప్పు ఒక్కసారి భగ్గున లేచింది. నా ముందుభాగం కణకణలాడే బొగ్గుల్లోకి దిగబడింది. వేడికి సబ్బు కరిగింది. బొట్టు కాస్తా ధారయింది, ధార మంటయింది. మాలకొండయ్య దూకాడు, సరిగ్గా మోకాలి లోతు నిప్పుల్లోకి.

"అంకమ్మా! నీళ్లు తేవే తల్లీ!"

ఆమెకు పేరుందని అతనికి గుర్తొచ్చింది అప్పుడే. ఆమె తాగడానికి దాచుకున్న కడవెడు నీళ్లూ అతని మీద పోసింది. బెల్టు వాతలు తేలిన చేతులతో చెంచయ్య అతన్ని బయటికి లాగాడు.

కథ ఇక్కడితో ఆగి ఉంటే మనుషుల మీద నాకు కాస్త గౌరవం మిగిలేది.

ఆస్పత్రిలో రెండు పాదాలూ తీసేశాక మాలకొండయ్య పోలీసులకు చెప్పాడు: "యానాదోడు డీజిల్ పోసి తగలెట్టాడు." ఎస్సై నా చుట్టూ తిరిగాడు గానీ, కడుపు కింద వంగి చూడలేదు. సబ్బు ఆనవాలే లేదు.

"బండి కడుపులోంచే కారింది సారూ," అంది అంకమ్మ.

"అంటే, బండి ఉచ్చపోసుకుందా?" అన్నాడు ఎస్సై. కానిస్టేబుళ్లు పడీ పడీ నవ్వారు. చెంచయ్యను జీపెక్కించారు. అంకమ్మ ఆ దుమ్ము వెంట చాలా దూరం పరిగెత్తింది.

వానలొచ్చాయి. నేను తిరగేసిన నేలలో చిల్లమొక్కలు మునుపటికన్నా ఒత్తుగా లేచాయి. అరుగు మీద కుర్చీలో కూర్చుని మాలకొండయ్య వాటిని చూస్తుంటాడు. ఇప్పటికీ చెంచయ్యనే తిడతాడు. వీర్రాజును మాత్రం ఒక్క మాట అనడు. నన్ను మళ్లీ తూకానికి కొన్నది అతనే మరి.

ఇప్పుడు ఆటోనగర్ తుక్కులో పడి ఉన్నాను. గ్యాసు కట్టరు నా చైన్ల దాకా వచ్చింది. పక్కన ఇంకో ముసలి బుల్డోజరుకు పసుపు రంగు కొడుతున్నారు. గేటు దగ్గర తెల్లపంచె కట్టుకున్న ఆసామి ఒకడు దిగాడు. వీర్రాజు గబగబా సబ్బు నలిపి చిల్లులో కూరాడు. మిగిలిన ముక్కతో చేతులు శుభ్రంగా కడుక్కుని, నవ్వుతూ ఎదురెళ్లాడు.