మంచినీళ్ల బుర్ర

నేను ఒక ఆనపకాయ బుర్రను. నవ్వకండి. మనుషుల బుర్రల్లో ఎన్ని పనికొస్తాయో నాకు తెలియదు గానీ, నేను మాత్రం లోపల ఏమీ లేకుండానే పన్నెండేళ్లు ఘనంగా పనిచేశాను.

మన్యంలో మామిడిగరువు అనే కొండ ఊళ్లో, వంతల సొంబారి ఇంటి కప్పు మీద పుట్టాను. ముదిరాక ఆమె నన్ను కోసి, గింజలు తీసి, పొయ్యి మీద పొగలో ఆరబెట్టింది. ఏడాదంతా గోడకు ఊరికే వేలాడేదాన్ని. నా ఉద్యోగమల్లా చైత్రంలో వచ్చే ఇటుకల పండగనాడే. ఆ రోజు మగవాళ్లు వేటకని కొండెక్కుతారు. ఒట్టి చేతులతో దిగినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారు. అందరిలో పెద్దది కాబట్టి మొదటి బుర్రెడు సొంబారిది, అంటే నాది.

ఆమె మొగుడు గాసి ఏ ఏడూ ఏదీ తెచ్చిన పాపాన పోలేదు. మిగతా రోజులన్నీ ఇంట్లో మాట అతనిది. ఈ ఒక్క రోజే ఆమెది. అతను నిలువునా తడిసి కళ్లు తుడుచుకుంటుంటే ఆమె నవ్వేది. ఆ నవ్వంటే నాకు ప్రాణం. అడవి అధికారులు వేట మానిపించాక కొందరు గడుసుగా దుంపలో, తేనెపట్టో తెచ్చి తప్పించుకునేవారు. గాసికి ఆ తెలివీ లేదు.

ఇంతలో ఎవరో మా పండగను ఫోన్లో పెట్టారు. మరుసటి ఏడు కార్లు వచ్చాయి, ఆ పై ఏడు బస్సులు. పోయిన ఏడు ఏకంగా షామియానా, మైకు, వాటి వెనకే ప్రభంజన్ గారు దిగారు. పండగను 'ఉత్సవం' చేయించే పని ఆయనకు అప్పగించారట.

"పెద్ద పెద్ద అతిథులొస్తున్నారమ్మా, పేడ బాగుండదు. పన్నీరు తెప్పించాం, అది చల్లండి" అన్నారు.

అందరికన్నా ముందు తలూపింది గాసే. "బాబు సెప్పినాక మరేటి" అన్నాడు, మొహం చాటంత చేసుకుని.

సొంబారి నన్ను గోడ మీంచి దింపి దుమ్ము తుడిచింది. పన్నీరు చల్లితే అది పెళ్లివారి మర్యాద అవుతుంది గానీ దండన ఎలా అవుతుంది? ఆమెకున్న ఒక్క రోజూ పోతోందని ఏడుపొచ్చింది.

పండగనాడు ప్రభంజన్ గారు తెల్లచొక్కా తొడుక్కుని, వీడియో తీయడానికి మగవాళ్లతో పాటు తానూ కొండెక్కారు. మధ్యాహ్నం అందరికన్నా ముందు ఆయనే దిగారు. నిండుగా ఉన్న నన్ను చంకనెత్తుకుని సొంబారి దారికడ్డంగా నిలబడింది.

"కొండెక్కినావు కదా బాబూ. ఏటి తెచ్చినావు?"

"వేటంతా ఇందులో ఉందమ్మా" అని ఆయన ఫోను ఎత్తి చూపారు.

"ఏదీ, సూపించు."

ఆయన నొక్కారు. మళ్లీ నొక్కారు. ఛార్జింగ్ అయిపోయింది. నల్లటి అద్దంలో ఆయన మొహం తప్ప ఏమీ లేదు.

"ఒట్టి సేతులే" అంది సొంబారి.

నాలో ఉన్నది పన్నీరు కాదని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. వెనకే దిగుతున్న గాసి తెల్లచొక్కా గతి చూసి, తేలు కుట్టిన దొంగలా మళ్లీ కొండెక్కబోయాడు. ఆడవాళ్లు ఊరుకుంటారా, పట్టుకొచ్చారు. రెండో బుర్రెడు అతనికి. సొంబారి నవ్వు షామియానా దాకా వినిపించింది. అతిథులు చప్పట్లు కొట్టి, తమకూ పొయ్యమని వరస కట్టారు.

"ముందు కొండెక్కి రండి" అందామె.

పన్నీరు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నన్ను మాత్రం ప్రభంజన్ గారు ప్రదర్శనశాలకు కావాలని అడిగారు. "అట్టుకుపో బాబూ, పాదు మీద ఇంకా తొమ్మిదున్నాయి" అని సొంబారి ఇచ్చేసింది.

ఇప్పుడు పట్నంలో ఒక బల్ల మీద కూర్చున్నాను. నా ముందు 'గిరిజనుల మంచినీళ్ల బుర్ర' అని చీటీ ఉంది. రాసింది ఆయనే. అతిథులను తెచ్చినప్పుడల్లా దగ్గరికెళ్లి చూడమంటారు. తాను మాత్రం మూడు బారల దూరంలోనే ఆగిపోతారు.