పక్క దులపని రాత్రి

కిటికీ గట్టు మీద నల్లటి పొడి.

వేలితో గీస్తే గీత పడుతుంది. కాటుక కన్నా మెత్తన. సాయంత్రం తుడిస్తే పొద్దుటికి మళ్ళీ... ఎవరో చప్పుడు లేకుండా వచ్చి చల్లిపోయినట్టు.

రేవు పక్కనున్న జ్ఞానాపురంలో ఏ ఇంటికైనా ఈ పొడి పిలవని చుట్టమే. గాలి రేవులోని బొగ్గు గుట్టల వైపు నుంచి మళ్ళిన రోజున ఆరేసిన బట్టల మీద ఉంటుంది. మూత మరిచిన పాలగిన్నెలోనూ ఉంటుంది.

ఫెబా దానికి లొంగదు. చీకటి పడకముందే కిటికీలు మూస్తుంది. సందుల్లో పాత చీర ముక్కలు కుక్కుతుంది. గట్టు తుడుస్తుంది.

ఆ తర్వాత పక్క దులుపుతుంది.

పక్క దులపడం ఆ ఇంటి అలవాటు. దుప్పటి తీసి విదిలించాలి. దిండుని రెండు చేతులా కొట్టాలి. పరుపుని ఈ చివర నుంచి ఆ చివరికి అరచేత్తో తట్టాలి. అప్పుడే పిల్లని పడుకోబెట్టాలి. కొత్త కోడలిగా వచ్చినప్పుడు అత్తగారు దేవకుమారి నేర్పిన పని అది. ఏ పనైనా సగం చేసి వదలడం ఫెబాకి చేతకాదు. నలక కూడా లేదని నమ్మకం కుదిరాకే దీపం ఆర్పుతుంది.

ఆర్పిన కాసేపటికి...

తుమ్ము.

ఇంకో తుమ్ము.

తర్వాత సన్నగా, ఛాతీ అడుగు నుంచి — ఈల.

రేవులో ఎక్కడో ఓడ కూత. ఒళ్ళో పిల్ల గుండెలో ఈల. ఆ రెండింటి మధ్యా ఫెబా మేలుకుని ఉంటుంది.

"అమ్మా, ముక్కులో సీమ తిరగతంది," అంటుంది స్టెఫీ. నాలుగేళ్ళ పిల్ల. నులిమి నులిమి కళ్ళు ఎర్రబడిపోతాయి.

డాక్టరు అలర్జీ అన్నాడు. ముక్కులోకి చుక్కలు, తాగడానికి సిరప్పు ఇచ్చాడు. పడకగదిలో దుమ్ము ఉండకూడదన్నాడు. ఊపిరి అందకపోతే మాత్రం క్షణం ఆగకుండా తీసుకురమ్మన్నాడు.

ఆ చివరి మాట దగ్గరే ఫెబా నిద్ర ఆగిపోయింది.

దుమ్ము ఉండకూడదన్నాడు కదా — ఇంకా గట్టిగా దులిపింది.

ఒకరోజు స్టీల్‌ప్లాంటు షిఫ్టు దిగి వచ్చిన ఫెబా భర్త రిచర్డ్, చెప్పులైనా విప్పకుండా తేల్చేశాడు. ఈ పొడిలో పిల్లని పెంచలేం, రేవుకి దూరంగా మధురవాడలో ఇల్లు చూద్దామని. తల్లిని కూడా రమ్మన్నాడు.

దేవకుమారి మడత పెడుతున్న దుప్పటిని మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

"మీరెల్లండి. ఈ సర్చి గంట ఇనపడకపోతే నాకు నిద్దర రాదు." దుప్పటి అంచులు సర్దుతూ అంది — "మరి రాత్రేళ పిల్ల ఈపు ఎవులు రాత్తారు?"



ముందు పిల్లకి అక్కడ ఎలా ఉంటుందో చూద్దామనుకున్నారు. రిచర్డ్ స్నేహితుడు మైఖేల్ ఊరెళుతూ తన మధురవాడ ఫ్లాటు తాళాలిచ్చాడు. ఎత్తు మీద ఇల్లు. కిటికీ నిండా కొండ.

ఫెబా గట్టు మీద వేలితో గీసింది.

గీత పడలేదు.

శుభ్రంగా ఉన్న ఆ వేలిని చూసుకుంటూ నిలబడింది. ఇల్లు మారక తప్పదు. అత్తయ్య రాదు. ఒక్క వేలు చూసి ఒక ఇల్లు రెండైపోయిందే అనుకుంది.

రాత్రి, పరాయివాళ్ళ పక్క కదా — ఇంట్లో కన్నా ఎక్కువసేపు దులిపింది. పిల్లని పడుకోబెట్టింది.

తుమ్ము.

ఇంకో తుమ్ము.

ఈల.

చుక్కల మందు వెతకడానికి రిచర్డ్ ఫోను లైటు వేశాడు. ఆ వెలుగు పిల్ల ముఖం మీద పడింది. వెలుగులో పొడి. నల్లది కాదు... తెల్లగా, సన్నగా, తొందరేమీ లేకుండా పిల్ల ముక్కు మీదికి దిగుతూ.

ఫెబా తన చేతుల వైపు చూసుకుంది.

రేవు వెనకే ఉండిపోయింది. వెంట వచ్చినవి ఈ చేతులే.

తిరిగి జ్ఞానాపురం ఇంటికి వచ్చాక దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికింది. ఫ్యాను కింద ఆరబెట్టింది. పిల్ల బయట ఆడుకుంటున్నప్పుడే మంచం, గట్టు, గోడలు తడిగుడ్డతో తుడిచింది. రాత్రయింది. చేతులు వాటంతట అవే దుప్పటి అంచు దాకా వెళ్ళాయి.

వెనక్కి తీసుకుంది.

"ఏటి ఫెబా, పక్క దులపనేదు?" గుమ్మంలో దేవకుమారి.

"వద్దత్తయ్యా. దులిపితే లేచిందంతా దీని ముక్కులోకే పోతోంది."

"మాయమ్మ దులిపింది. నానూ దులిపాను. రిచర్డు బాగానే ఉన్నాడు కదా."

ఫెబా స్టెఫీని పడుకోబెట్టింది.

దేవకుమారి వచ్చి ప్రార్థన చేసింది. మనవరాలి వీపు రాసింది. రాస్తూ రాస్తూ ఆమె చెయ్యి దిండు మీదికి లేచింది — తట్టడానికి.

గాలిలోనే ఆగింది.

మెల్లగా దిగి, మళ్ళీ వీపు మీదే వాలింది.

తర్వాత ఆమె అదే గదిలో ఉన్న తన మంచం దగ్గరికి వెళ్ళింది. దుప్పటి వైపు చూస్తూ నిలబడింది. దులపలేదు. ముళ్ళ మీద ఒరుగుతున్నట్టు జాగ్రత్తగా ఒరిగింది.

దీపం ఆరింది.

"తగ్గితే ఎల్లరు కదమ్మా?" చీకట్లోంచి అడిగింది దేవకుమారి.

ఫెబా పిల్ల మీద చెయ్యి వేసుకుంది. చేతుల తప్పు ఎంతో, రేవు తప్పు ఎంతో... ఒక్క రాత్రిలో తేలేది కాదు.

దూరంగా ఓడ కూసింది.

ఇద్దరూ ఊపిరి బిగబట్టి పిల్ల ఊపిరి విన్నారు.

ఒకటి.

ఇంకొకటి...

మూసిన కిటికీ అవతల, తుడిచిన గట్టు మీద — నల్లటి పొడి, మెల్లగా.