అద్దాల సందులో గళ్ల చొక్కా

గచ్చిబౌలి దాటి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు తిరిగితే ముందు కంటపడేది ఆ బిల్డింగే. దానికి పెట్టిన ఇంగ్లీషు పేరు ఆటోవాళ్లెవరికీ నోరు తిరగదు. అందరూ మెలిక బిల్డింగనే అంటారు. పైకి వెళ్లేకొద్దీ ఒక్కో అంతస్తూ కొంచెం పక్కకు తిరిగి, మొత్తం కలిసి పిండిన తడిగుడ్డలా ఉంటుంది. గోడల బదులు రెండు వరసల అద్దాలు. బయటి అద్దంలో రోడ్డు మీది వాళ్లకు మబ్బులూ తమ బస్సులూ మాత్రమే కనిపిస్తాయి. లోపలిది మామూలు అద్దం. రెండింటి నడుమ మనిషి పక్కవాటుగా నడిచేంత సందు. ఎండ వేడి ఆ సందులోంచే పైకి పోతుందని, ఏసీ ఖర్చు తగ్గుతుందని కట్టించినవాళ్లు మురిసిపోయారు. పత్రికలవాళ్లు రంగు ఫొటోలు వేశారు. ఆ సందులో ఒకడు వేలాడుతున్నాడని మాత్రం ఎవరూ రాయలేదు.

వాడు దిష్టిబొమ్మ. కుండ తల, సున్నంతో గీసిన కనుగుడ్లు, గడ్డి కుక్కిన ఒళ్లు, పైన నీలం గళ్ల చొక్కా. కడుతున్నప్పుడు దారినపోయేవాళ్ల కన్ను తగలకుండా కూలీలు కట్టారు. పని కాగానే దింపి కాల్చెయ్యాలి. అద్దాలు బిగించే హడావిడిలో వీళ్లు దింపారని వాళ్లు, వాళ్లు దింపారని వీళ్లు అనుకున్నారు. బయట అద్దం పడింది, లోపల అద్దం పడింది, వాడు పై అంతస్తొకదాని దగ్గర మధ్యలో ఉండిపోయాడు. ఆ అంతస్తు ఆఫీసు అలంకరణ చూసే నీహారిక మేడం వాణ్ని చూసి తెగ ముచ్చటపడింది. ముఖం లోపలికి తిప్పించి, నెత్తిన లైటు పెట్టించి, ఎదురుగా కాఫీ మెషిన్ పెట్టించింది. ఇక చెప్పేదేముంది, కప్పు పట్టుకున్న ప్రతివాడూ పొద్దస్తమానం వాడి ముందే.

ఆ అంతస్తులో ఊడ్చి తుడిచే మమత మాత్రం వాడి వైపు చూడలేకపోయేది. ఆ చొక్కా ఆమె భర్త మహేందర్‌ది. అతను అక్కడే అద్దాలు బిగించేవాడు. బొమ్మకు పాత చొక్కా కావాలని కబురొస్తే, మోచేతి దగ్గర చిరిగిందని దాన్ని ఇచ్చింది మమతే.

ఆఫీసు తెరిచినప్పటి నుంచి మహేందర్ మనిషి కాకుండా పోయాడు. మియాపూర్‌లో వాళ్ల కిరాయి గదికి ఒకటే కిటికీ. దానికి దుప్పటి కట్టేశాడు. పనికి పోడు, నోట్లో ముద్ద పెట్టడు, కూర్చున్న చోటు నుంచి కదలడు. దవాఖానలో అన్ని పరీక్షలూ చేసి రోగమేమీ లేదన్నారు. చిత్రమేమిటంటే ఆదివారం వస్తే లేచి తిరుగుతాడు, కడుపునిండా తింటాడు. సోమవారం ఆఫీసువాళ్లు వచ్చే వేళకు మళ్లీ బిగుసుకుపోతాడు.

"చూస్తున్నరే మమతా," అన్నాడొక పొద్దున.

"ఎవలు చూస్తున్నరు? మనిద్దరమే గద ఉన్నది!"

"గా కప్పులు పట్టుకున్నోళ్లు."

కాఫీ మెషిన్ సంగతి మమత అతనికి ఎన్నడూ చెప్పలేదు.

ఆ బొమ్మను కట్టించిన ఐలయ్య మేస్త్రి ఇప్పుడు ఆఫీసు పక్క వీధిలోనే ఇంకో టవరు కట్టిస్తున్నాడు. మమత పరుగున వెళ్లి, చొక్కా సంగతి నుంచి అంతా చెప్పి ఆయన ముందు ఏడ్చేసింది. ఆయన తాగుతున్న చాయ్ పక్కన పెట్టాడు.

"బతికున్నోని చొక్క ఇచ్చినవా బిడ్డా? ఎంత పని చేసినవ్! పాతబట్టలల్ల ఎవనిదో ఎరుక లేని చొక్క తెచ్చి తొడుగుతం మేము. బొమ్మకు తాకిన కన్ను చొక్కవానికే తాకుతది. రోడ్డు దిక్కు ఉంటే వచ్చేపోయేటోళ్లు ఒక్కసారి చూసి పోతుండిరి. గిప్పుడు దినమంత కూసొని చూడవట్టిరి."

"ఇగ ఏం జెయ్యాలె కాకా?"

"ముందుగాల గా చొక్క ఇడిపియ్యి. ఎవనిదిగానిది తొడుగు. జర జల్ది చెయ్యి, లేకుంటే పిలగాడు దక్కడు."

బొమ్మను తీసెయ్యమని మమత మేడంను బతిమాలింది. "అదే కదా మమతా మా ఫ్లోర్‌కి అందం!" అని ఆవిడ నవ్వేసింది. మమత ఇక ఎవర్నీ అడగలేదు. ఎర్రగడ్డ సండే మార్కెట్లో పాతబట్టల కుప్పలోంచి ఒక చొక్కా తెచ్చుకుంది. సందులో అద్దం మీద మరక ఉందని చెప్పి, అద్దాలు తుడిచే అనిల్ దగ్గర సందు తలుపు తాళంచెవి తీసుకుంది. అందరూ భోజనానికి దిగాక లోపలికి దూరింది.

లోపల సెగ. కాళ్ల కింద ఇనుప జాలీ. జాలీలోంచి కిందికి చూస్తే ఒక్కో అంతస్తూ పక్కకు జరుగుతూ, సందు వంపు తిరిగి చీకట్లోకి పోయింది. అడుగు ఎక్కడో తెలియలేదు. కిందినుంచి గాలి మనిషి మూలిగినట్టు వస్తోంది. మమత అద్దానికి చేతులు ఆనించుకుంటూ వాడి దాకా వెళ్లింది.

గుండీలు విప్పుతుంటే చొక్కా తడిగా తగిలింది. మహేందర్ చెమట వాసన, అప్పుడే విప్పి పడేసినట్టుంది. ఆమె దాన్ని లాగేసింది. అంతే, ఎండకు పొడిబారిన గడ్డి ఒక్కసారిగా రాలిపోయింది. లోపలి కట్టె జారింది. కుండ జాలీ అంచుకు తగిలి కిందికి పోయింది. అది పగిలిన చప్పుడు ఎంతసేపటికీ రాలేదు. రెండు చేతుల్లో రెండు చొక్కాలతో మమత మిగిలింది. తొడగడానికి ఒళ్లే లేదు.

ఆమె తల తిప్పింది. భోజనాలు ముగించినవాళ్లు కప్పులతో అద్దం దగ్గరికి వచ్చి ఉన్నారు. రోజూ వాళ్ల బల్లలు తుడిచే మనిషి ఆమె. ఇన్నాళ్లలో ఒక్కరూ ఆమె ముఖం చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు అందరూ చూస్తున్నారు. వాళ్ల చూపులకు ఆనుకోవడానికి అక్కడ ఏదో ఒకటి ఉండాలి, అది ఏదైనా ఫరవాలేదు. ఎవరూ ఆమెను పలకరించలేదు. ఎవరూ అద్దం తట్టలేదు.

అంతలో ఫోను మోగింది. చొక్కాలు కింద పడేసి ఫోను చెవికి పెట్టుకుంది.

"మమతా, నేనే. ఆకలైతుందే! దుప్పటి తీసేసిన. బయట ఎండల నిలబడ్డ. ఎవ్వలు చూస్తలేరు, ఒట్టు."

ఆదివారం కాని రోజున ఆ గొంతు ఇలా విని ఎన్నాళ్లైందో. సంతోషంతో ఆమెకు ఏడుపొచ్చింది.

"వస్తున్న, వస్తున్న," అంది.

అడుగు వేద్దామనుకుంది. పాదం లేవలేదు. ఫోను పట్టుకున్న చెయ్యి దించబోయింది, అదీ రాలేదు. అనిల్‌ను కేకెయ్యాలనుకుంటే నోరు తెరుచుకోలేదు. గుండె మాత్రం కొట్టుకుంటోంది. నెత్తి మీద లైటు వెలిగింది. కొత్తగా చేరిన అమ్మాయొకతె అద్దానికి వీపు ఆనించి, తనూ మమతా ఫొటోలో పట్టేలా తన ఫోను పైకెత్తి నవ్వింది.

"మమతా, ఇంటున్నవా? నువ్వచ్చేలోపట నేనే వండి పెడ్త. ఏం కూర చెయ్యమంటవ్, చెప్పు," అని అడుగుతున్నాడు మహేందర్.