రెండోసారి అడగలేదు

ఆ సాయంత్రం బస్సు దిగాక పెద్ద కోడలు ఇల్లు చేరేదాకా చిన్న కోడలితో ఒక్క మాట మాట్లాడలేదు. "అక్కా, మెల్లగా నడు, కాళ్ళు నొప్పులంటావుగా" అని వెనకనుంచి వినబడింది. ఆ మాట నిప్పుల మీద నెయ్యి పోసినట్టయింది.

జరిగింది ఇది. బట్టలు సరిచేసే ఒక దుకాణంలో ఆ తోడికోడళ్ళిద్దరూ ఇస్త్రీ పని చేస్తారు. చిన్న కోడలు మొగుడితో ముందుగా ఈ దేశం వచ్చి మూడేళ్ళయింది. పెద్ద కోడలూ ఆవిడ భర్తా వచ్చి ఏడాది కాలేదు. అందరికీ కలిపి రెండు గదుల ఇల్లు, ఒకటే పొయ్యి. పొద్దస్తమానం ఆవిరి ఇస్త్రీ పెట్టె ముందు నిలబడితే సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టవు. కాళ్ళ సంగతి అలా ఉంచండి, పెద్ద కోడలు అసలు కుట్టుపని మనిషి. తన ఊళ్ళో ఆవిడ జాకెట్టు కుట్టిందంటే మళ్ళీ విప్పే పని ఉండేది కాదు. బయల్దేరే రోజున మిషనును పక్కింటావిడకు అప్పగించి, చక్రం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి వచ్చేసింది. ఇక్కడ ఎవరో వేసిన వంకర కుట్లను ఇస్త్రీ చేస్తుంటే ఆవిడకు ఒళ్ళు మండేది.

దుకాణంలో కిటికీ పక్క మిషను మీద కుట్టే ముసలావిడ పని మానేసింది. యజమానురాలు మధ్యాహ్నం వచ్చి పెద్ద కోడలినే అడిగింది, "ఆ మిషను మీద కూర్చుంటావా?" అని.

గుండె ఎగిరి గంతేసింది. నోరు మాత్రం పుట్టినప్పటినుంచీ నేర్చిన మాటే అంది. "అబ్బే, నాకెందుకండీ. ఇంకెవరికైనా ఇవ్వండి."

అడగ్గానే సరే అంటే మొహం వాచి ఉందనుకోరూ? వద్దనడం మన వంతు, బతిమాలడం అవతలివాళ్ళ వంతు. రెండోసారికి కాస్త మెత్తబడాలి. మూడోసారికి "మీరింతగా అంటుంటే కాదనలేను" అనాలి. ఆవిడ తల వంచుకుని ఆ రెండోసారి కోసం చూసింది. యజమానురాలు "అలాగే" అని, పక్కకు తిరిగి చిన్న కోడలిని అడిగింది. చిన్న కోడలు "కూర్చుంటాను" అంది. పెద్ద కోడలి ఇస్త్రీ పెట్టె కింద ఎవరిదో చొక్కా కాలరు మాడిపోయింది.

ఇంటికొచ్చి చెప్పులు ఒకటటు ఒకటిటు విసిరి కత్తి అందుకుంది. ఉల్లిపాయలు తరగడం కాదది, నరకడం.

"యజమానురాలంటే పరాయి మనిషి, ఆవిడకు తెలీదు. నీకేమైందే? నాకది కావాలని నీకు తెలీదూ?"

"నువ్వే వద్దన్నావుగా అక్కా," అంది చిన్న కోడలు బియ్యం కడుగుతూ. "ఇక్కడ వద్దంటే వద్దే. వచ్చిన రోజే చెప్పాను. విన్నావా?"

"ఆ పాఠాలు నాకు చెప్పకు. నీ పెళ్ళికి నేను చీర పెడితే మూడుసార్లు వద్దని, నాలుగోసారి చంకలో పెట్టుకుపోయినదానివి. ఆ రోజు నేను ఒక్కసారి అడిగి ఊరుకుంటే ఏం చేసేదానివి?"

"ఆ చీర నీకింకా గుర్తుందన్నమాట."

"అంచు కూడా గుర్తుంది. 'మా అక్క మొహమాటపడుతోంది, ఇంకోసారి అడగండి' అని ఒక్క ముక్క అంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

చిన్న కోడలు బియ్యం గిన్నె ఠపీమని దించింది. "మూడేళ్ళు నిలబడ్డాను ఆ బల్ల దగ్గర. నావి కాళ్ళు కావా, కొయ్య గుంజలా? నీ తరఫున నేను బతిమాలాలా? నా తరఫున ఎవరు బతిమాలారు?"

అందులో నిజం ఉంది. అందుకే పెద్ద కోడలి కోపం రెట్టింపయింది. "నాకెవరూ లేరని నన్ను తొక్కుతావా?" అంది.

అవతలి గదిలో అన్నదమ్ములిద్దరూ టీవీ శబ్దం పెంచి చూశారు. లాభం లేక తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు. "పక్కింటివాళ్ళు గోడ మీద బాదుతారు వదినా," అని, భార్య వైపు తిరిగి, "ఆ మిషనేదో వదినకే ఇచ్చెయ్యరాదూ?" అన్నాడు.

చిన్న కోడలు చేతులు తుడుచుకుంది. "నాదేముంది. తీసుకో అక్కా. రేపటినుంచి నువ్వే కూర్చో."

తర్వాతి మాటేమిటో ఇంట్లో అందరికీ తెలుసు. "ఛ, అదేం మాటే, నువ్వే కూర్చో" అని పెద్ద కోడలు అనాలి. అంటే ఇద్దరూ కళ్ళొత్తుకుని అన్నాలు వడ్డించుకోవచ్చు. మరిది నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు.

"సరే," అంది పెద్ద కోడలు.

మరిది నవ్వు మింగేశాడు. లోపలినుంచి ఆవిడ భర్త "ఏమేవ్" అన్నాడు, హెచ్చరికగా.

"ఏం? ఇచ్చింది, తీసుకున్నాను. ఇక్కడ పద్ధతి ఇదేనటగా."

మర్నాడు దుకాణం తెరవగానే యజమానురాలి ముందుకు వెళ్ళి, వచ్చీరాని భాషలో "ఆ మిషను నాకు కావాలి" అంది. పుట్టింట్లో గాని, అత్తింట్లో గాని ఆ మాట ఆవిడ పైకి అన్నది లేదు. నడివీధిలో కొంగు జారినట్టనిపించింది. యజమానురాలు చిన్న కోడలి వైపు చూసింది. చిన్న కోడలు తలూపి ఇస్త్రీ బల్ల దగ్గరికి పోయింది.

మిషను మంచిది. చేతులు ఏమీ మర్చిపోలేదు. కుట్టు తీగలా సాగింది. కానీ వెనక ఆవిరి బుస్సుమన్నప్పుడల్లా పెద్ద కోడలి మెడ బిగుసుకుపోయింది. తిరిగి చూడలేదు. ఎందుకు చూడాలి, దొంగతనం చేసిందా?

సాయంత్రం బస్సులో చిన్న కోడలు కిటికీలోంచి చూస్తూ అంది, "మేం వేరే ఇల్లు చూసుకుంటాం అక్కా."

పెద్ద కోడలు చటుక్కున తిరిగింది. ఇది బతిమాలించుకోవడానికన్న మాటా, నిజంగా అన్నదా? ఆ ముఖంలో వెతికింది. నిన్నటిదాకా ఆ ముఖం ఆవిడకు తెలిసిన ముఖమే. ఇవాళ ఏమీ అందలేదు.

"ఎక్కడికీ పోనక్కర్లేదు," అంది పళ్ళ బిగువున. సిగ్గు విడిచి, మళ్ళీ అంది. "వినబడిందా? ఉండండి."

"చూద్దాం," అంది చిన్న కోడలు.

ఎవరైనా సెలవడిగితే యజమానురాలు అనే మాట అది. ఆ మాట విన్నవాళ్ళెవరికీ ఇంతవరకూ సెలవు దొరకలేదు.