మందు పెట్టిన గాదె

ఆ పొద్దున ఆకాశం అటో ఇటో తేల్చకుండా నాన్చింది. మబ్బు కమ్మింది గాని చినుకు రాలలేదు. తూర్పున కాస్త వెలుతురు తొంగిచూసి, మళ్ళీ ముసుగు లాక్కుంది. గాలి మాత్రం ఊరి వైపు నుంచి పొలాల మీదికి ఒకే తీరున వీస్తోంది. వాన రాకపోతే చాలు, పిల్లలు తడవకుండా వస్తారు అనుకుంటూ పుస్తకాలమ్మ సైకిలు తొక్కింది.

పుస్తకాలమ్మ అన్నది ఊరు పెట్టిన పేరు. అందులో సగం వెటకారం. ఊరి చివర సొసైటీ వాళ్ళ సిమెంటు గాదెలు మూడున్నాయి. కంపెనీలు నేరుగా కళ్ళాలకే లారీలు పంపడం మొదలుపెట్టాక వాటిలో గింజ పోసినవాడు లేడు. పావురాలు కాపురం పెట్టాయి. కూలగొట్టి ఇనుము అమ్మేద్దామన్నాడు సొసైటీ ప్రెసిడెంటు. పుస్తకాల కొట్టు పెడతాను, పాటకీ నాటకానికీ చోటు చేస్తాను అంది ఆమె. సొసైటీ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకున్నాక ఆయన ఒప్పుకున్నాడు, అదీ ఒక మెలిక పెట్టి. కోతలు మొదలయ్యేలోగా నడి గాదెలో కొట్టు తెరవాలి, తన కళ్ళతో చూడాలి. లేదా తాళంచెవి వెనక్కి ఇచ్చెయ్యాలి. ఆ గడువు ఈ రోజుతో సరి.

గాదె ముందు సైకిలు దిగేసరికి ఆమెకు తను వేయించిన కాగితాలే కనబడ్డాయి. 'మన గాదెలో పుస్తకాలు, అందరూ రండి' అన్న ఆహ్వానాలు. తలుపు అంచుల పొడవునా, గాలి కంతల మీదా ఒకదాని మీదొకటి పిండి జిగురుతో అంటించి ఉన్నాయి. తలుపు మీద సుద్దతో పుర్రె బొమ్మ. కాస్త దూరంలో, గాలి వచ్చే వైపున, స్టూలు వేసుకుని బావగారు కూర్చున్నాడు.

ఆయన ఆమె భర్తకు అన్న. వయసంతా సొసైటీ జీతం మీద ఈ గాదెల్లోనే ధారపోశాడు. ఆమె కొట్టు పెడుతుందనగానే పిలవకుండానే వచ్చి పావురాల పెంట గీకాడు, గుండ్రటి గోడకు ఆనేలా అరలు బిగించాడు. మాట మాత్రం గీకినా రాలదు.

"ఏం చేశారు బావగారూ?"

"మందు పెట్టాను."

"ఏం మందు?"

"బిళ్ళలు. కొత్త డబ్బానే తెచ్చాన్లే." ఆ మాటకు ఆమె సంతోషిస్తుందన్నట్టు చెప్పాడు. "నిన్న పుస్తకాల పెట్టెలో పురుగు కనపడింది. వదిలితే సరుకంతా తినేసేది."

మొన్న ఆమే అంది, పురుగు పట్టకుండా కాస్త చూడండి అని. బీరువాలో వేసే తెల్ల గోళీలు వేస్తాడనుకుంది. ఆయన గాదె నిండినప్పుడల్లా చేసిన పనే చేశాడు. బిళ్ళలు పెట్టి, కంతలు మూసి, కాగితం అంటించి కాపలా కూర్చున్నాడు. వాటిలోంచి వచ్చే ఆవిరికి పురుగూ బతకదు, మనిషీ బతకడు.

"ఎప్పుడు తీయొచ్చు?"

"వారం పోవాలి."

"తెరిచేది ఈ రోజని తెలుసు కదా మీకు?"

"తెలుసు. పురుక్కి తెలీదు కదమ్మా."

ఇంకెవరైనా అయితే అది వేళాకోళం. ఆయనకు అది లెక్క. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. నోటి దాకా వచ్చిన తిట్టు 'గారు' దగ్గర ఇరుక్కుపోయింది.

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

"గాదెలో మందుకు ఎవర్ని అడుగుతారు?"

"అవును, అడగరు. లారీ కొన్నప్పుడు మీరూ మీ తమ్ముడూ నన్ను అడిగారా? వంటింట్లో పొయ్యి ఏ మూల ఉండాలో కూడా మీ అమ్మగారే చెప్పారు. నాదంటూ ఉన్నది ఈ ఒక్క గది. దానికీ మీరే మూత పెట్టారు."

బావగారు తల వంచుకున్నాడు. స్టూలు మాత్రం దిగలేదు.

అంతలోనే జనం రానే వచ్చారు. పిల్లల్ని వరసలో నడిపించుకుంటూ టీచరమ్మ, కోతలకు ముందు ఖాళీగా ఉన్న రైతులు, వెనక జీపులో ప్రెసిడెంటు. ఆయన పక్కన ఇనుము కొనే కాంట్రాక్టరు. వస్తూనే అతను గాదెల ఎత్తు కళ్ళతోనే కొలుచుకుంటున్నాడు.

"ఏంటమ్మా, తలుపుకు కాగితం చీర కట్టావు? ముసుగు తీసేది నేనేనా?" అంటూ ప్రెసిడెంటు ముందుకు నడిచాడు.

బావగారు అడ్డం వచ్చాడు. "తీయకూడదు."

"జీతం ఆగినా నీ పెత్తనం ఆగలేదే. తప్పుకో."

ఆమె చెయ్యి నడుము దగ్గరున్న తాళంచెవి మీదికి పోయింది. ఒక్క క్షణం తెరిచి, గడప బయట నుంచే అరలు చూపించి మూసేస్తే? ఊపిరి బిగబట్టమంటే సరిపోదా? నిజం చెబితే, విషం పెట్టిన కొట్టుకు ఏ తల్లి పిల్లల్ని పంపుతుంది? చెప్పకపోతే, రంగు ఆరలేదనో తాళం పట్టేసిందనో అంటే, తాళంచెవి ఈ క్షణమే పోతుంది.

పెద్దవాళ్ళు ఒకరినొకరు చూసుకుంటుండగా ఒక చిన్నపిల్ల వరస తప్పి తలుపు దగ్గరికి పోయింది. కాగితం మీద అక్షరాలు కూడబలుక్కుంటూ, లేచిన అంచును గోటితో పీకుతోంది.

పుస్తకాలమ్మ ఎప్పుడు పరిగెత్తిందో ఆమెకే తెలియదు. పిల్ల జబ్బ పట్టుకుని ఇవతలికి ఈడ్చింది. పిల్ల ఘొల్లుమంది.

"దూరం జరగండి. లోపల విషం ఉంది. పురుగు మందు పెట్టాం."

టీచరమ్మ పిల్లల్ని రోడ్డు మీదికి తోలింది. ప్రెసిడెంటు మాత్రం తాపీగా చెయ్యి చాచాడు.

"పిల్లల్ని పిలిచి విషం పెట్టావు. బాగుంది నీ సంస్కృతి. తాళంచెవి ఇటివ్వు."

"ఇవ్వను."

"గడువు ఈ రోజే కదా?"

"ఈ రోజే. గాదెలో మీ ధాన్యం ఉన్నప్పుడు ఇదే కాగితం అంటిస్తే రోడ్డు పొడవునా బళ్ళు పడిగాపులు పడేవి. మీ నాన్నగారు ప్రెసిడెంటుగా ఉండి కూడా ఈ స్టూలు దాటి రాలేదు. గింజల కోసం అందరూ ఆగారు. పుస్తకాల కోసం మీరొక్కరు ఆగలేరా? సరుక్కి పురుగు పట్టింది, మందు పెట్టారు మా బావగారు. చూడమన్నది నేనే."

ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆయన మీద కోపం చల్లారలేదు. అది వేరే పొయ్యి మీద మరుగుతూనే ఉంది.

రైతుల్లోంచి ముసలాయన ఒకాయన గొంతు సవరించుకున్నాడు. మాట గుచ్చుకుంటుందని ఊళ్ళో అందరూ ఆయన్ను గునపం అంటారు.

"మందు పెట్టిన గాదె తెరవమన్నవాణ్ణి ఇదే చూడ్డం. అంత సరదాగా ఉంటే ప్రెసిడెంటుగారిని ఒక్కణ్ణే లోపలికి పంపండిరా. మనం బయట నిలబడి చప్పట్లు కొడదాం."

నవ్వులు లేచాయి. కాంట్రాక్టరు కూడా నవ్వబోయి దగ్గులోకి మార్చుకున్నాడు. ప్రెసిడెంటు చాచిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"మీటింగులో తేలుస్తాను నీ సంగతి," అని జీపెక్కాడు.

తాళంచెవి ఆమె దగ్గరే మిగిలింది. కాని పిల్లల్ని మళ్ళీ తీసుకొస్తారా అని అడిగితే టీచరమ్మ, "చూద్దాంలెమ్మా," అని ఆమె కళ్ళలోకి చూడకుండా వెళ్ళిపోయింది. ఏడుస్తున్న చిన్నపిల్ల వెనక్కి తిరిగి తిరిగి చూసింది. కాగితాల్ని కాదు, ఆమెను.

వచ్చినవాళ్ళకని వండించిన అన్నం గిన్నెలతో మధ్యాహ్నానికి భర్త లారీలో వచ్చాడు. జనం లేని చోటును చూశాడు, పుర్రె బొమ్మను చూశాడు, అన్న ముఖం చూశాడు. భార్య ముఖం కూడా చూసి, గిన్నెలు దించడం మొదలుపెట్టాడు.

బావగారు కాపలా వదిలి రాడు. అందుకని గాలి వచ్చే వైపునే, నేల మీద గోనెపట్టా పరిచింది. కంచాలు పెట్టింది. ఊరికి సరిపడా వండిన అన్నం ముగ్గురి మధ్య కుప్పగా ఉంది. భర్తకు వడ్డించింది, తను పెట్టుకుంది. బావగారికి కూర ఎప్పుడూ రెండు గరిటెలు వేసేది, ఆయనకు ఇష్టమని. ఆ రోజు ఒక్కటే వేసి గిన్నె మూత పెట్టింది.

ఆయన మూత వైపు చూశాడు. అడగలేదు. ముగ్గురూ కంచాల్లోకే చూసుకుంటూ తిన్నారు.